ఇటుకబట్టీ పెరట్లో ఆకు

“ఆ ఆకు నోట్లో పెట్టుకోకు జుసారా! ఏ పురుగు పాకిందో, ఏ పాము విషం కక్కిందో. ఇలాగే ఏదో ఒకరోజు తెలియని ఆకు నములుతావు, నాలిక మందమెక్కుతుంది, గొంతు మూసుకుపోతుంది, నేను చూస్తుండగానే పోతావు. అప్పుడు నేనేం చెయ్యాలి? చెప్పు, నేనేం చెయ్యాలి?”

నొయేమియా ఈ మాటలన్నది శనివారం పొద్దున, వంటింటి గుమ్మంలో నిలబడి, చిక్కుడుగింజల చాట నడుముకు ఆనించుకుని. అప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. కొండవాలున కాఫీ తోటల మీద మంచు అప్పుడప్పుడే విడుతోంది. పద్నాలుగేళ్ళ జుసారా పెరటి మెట్టు మీద కూచుని, కంచె వార మొలిచిన ఏదో తీగ ఆకును ముందు పళ్ళతో కొరికి, చప్పరించి, పక్కకు ఉమ్మేసి, ఒళ్ళో పుస్తకంలో రాసుకుంటోంది.

“మింగట్లేదమ్మా. నాలిక కొసన పెట్టి ఉమ్మేస్తున్నా. ముందు పులుపు. వెనకాల కాస్త వగరు.”

“పులుపో వగరో నాకెందుకే? ఉమ్మేశాక కూడా నాలిక మీద ఉంటుంది కదా!”

“ఉంటే ఈ పాటికి నేను వంద సార్లు చావాలి.”

“ఛీ! నోరు కడుక్కో. ఆ మాట అన్నందుకు మూడుసార్లు కడుక్కో.”

పెరట్లో మోటారుసైకిలు గొలుసుకు నూనె పెడుతున్న వల్దెసి తల ఎత్తకుండానే నవ్వాడు. “మీ అమ్మ ఇంట్లో ముందు కొవ్వొత్తి వెలుగుతుంది, చావు తీరుబడిగా తర్వాత వస్తుంది. నువ్వు రాసుకో తల్లీ.”

ఇది వాళ్ళింట్లో రోజూ ఉండే తంతే. జుసారాకు ముందు ఇద్దరు పిల్లలు నొయేమియా కడుపులోనే పోయారు. ఈ పిల్ల పుట్టిన రోజునుంచి ఆమె భయానికి సెలవు లేదు. వాన పడితే పిడుగు, ఎండ కాస్తే వడదెబ్బ, బడి బస్సు పావుగంట ఆలస్యమైతే లోయలో పడిన బస్సు. నాలుగో తరగతి దాకా చదివిన మనిషి, వార్తల్లో చావులన్నీ పూస గుచ్చినట్టు గుర్తుంటాయి. అన్నిటికంటే మొక్కలంటే భయం. మొక్క అరవదు, కరవదు. ఊరికే పచ్చగా నిలబడి ఉంటుంది. దాని లోపల ఏముందో ఎవరికి తెలుసు? పక్కూరి పిల్లాడొకడు కుండీలోని మచ్చల ఆకు నమిలి మూడు రోజులు మాట పడిపోయి ఉండటం ఆమె కళ్ళారా చూసింది.

అలాంటి తల్లికి ఇలాంటి కూతురు. జుసారాకు ప్రపంచంలో ఇంకేం అక్కర్లేదు, పేరు తెలియని ఆకు కనిపిస్తే చాలు. తెచ్చి పుస్తకం కాగితాల మధ్య నొక్కిపెడుతుంది. పట్టుకుని చూస్తుంది, చించి వాసన చూస్తుంది, కొసన నాలిక ఆనిస్తుంది. అప్పటికీ తెలియకపోతే రెండు వాలుల అవతల ఉండే ఎర్మెలిందా అవ్వ దగ్గరికి పరుగెడుతుంది. ఎర్మెలిందా దిష్టి తీసే మనిషి. ఆకు రెమ్మతో పిల్లల తల నిమిరి ప్రార్థన చెబుతుంది, కషాయాలు కాచి ఇస్తుంది. ఆమె పేరు చెబితే జుసారా ఆకు కింద రాసుకుంటుంది. చెప్పలేకపోతే తేదీ ఒక్కటే వేసి, జాగా ఖాళీగా వదిలేస్తుంది.

నొయేమియా చాట కింద పెట్టి, కూతురి ఒళ్ళోంచి పుస్తకం లాక్కుంది.

“ఇదిగో, చెబుతున్నా విను. ఇంకొక్కసారి నీ నోట ఆకు పేరు విన్నానా, ఇది పొయ్యిలో పెడతాను. ఆ ముసల్దాని గడప తొక్కనివ్వను. బడి, ఇల్లు, అంతే. నవ్వులాటగా ఉందా? మరియమాత మీద ఒట్టు, పెడతాను.”

జుసారా ముఖం చిన్నబోయింది. నోరు కడుక్కోవడానికి లేచింది. వల్దెసి భార్య వైపు చూసి తల అడ్డంగా ఆడించాడు. “పిల్లని అలా హడలగొడితే ఎలాగే? రేపు దానికి నిజంగా ఏదైనా ఒచ్చినా నీకు చెప్పదు.”

“నాకు చెప్పక ఎవరికి చెబుతుంది?” అంది నొయేమియా, పుస్తకం గూట్లో పైఅరలో పెట్టేస్తూ.

వంట మొదలుపెట్టి చూసుకుంటే పెరట్లో కోవి ఆకుకూర మడి లేదు. మడి ఉంది, ఆకు లేదు. రాత్రికి రాత్రి ఆకులు కోసే ఎర్ర చీమల దండు వచ్చి, మనిషి పొట్టకూటికి పండించుకున్నదంతా చిన్న చిన్న ముక్కలుగా కోసి పుట్టలోకి మోసుకుపోయింది. మడిలో మిగిలినవి ఈనెలే, గుడ్డ ఊడిన గొడుగు ఊచల్లా. నొయేమియా గుండె మీద శిలువ గుర్తు వేసుకుంది. మంచి సూచన కాదనుకుంది.

శనివారం మధ్యాహ్నం వల్దెసి తోట పని నుంచి వచ్చేసరికి పళ్ళెంలో చిక్కుడుగింజల పులుసు, అన్నం, మొక్కజొన్న సంకటి ఉండాలి, పక్కన కోవి వేపుడు ఉండాలి. గడ్డ కట్టని క్యాబేజీ అది, ఆకు ఒక్కటే తినేది. ఆ కొండల్లో కోవి లేని భోజనం భోజనంలా ఉండదు. కావాలని అడిగేవాళ్ళు ఉండరు, లేకపోతే మాత్రం పళ్ళెం వైపు చూసి ఒక నిట్టూర్పు విడుస్తారు. ఆ నిట్టూర్పు వినడం ఇష్టం లేక నొయేమియా కర్ర తీసుకుని, కంచె దాటి, పాత ఇటుకబట్టీ పెరట్లోకి వెళ్ళింది.

బట్టీవాళ్ళు ఊరొదిలి నాలుగేళ్ళయింది. కప్పు కూలింది. పెరడు అడివైపోయింది. పాములుంటాయని ఆమె కర్రతో నేల కొడుతూ, ప్రతి మొక్కనూ తప్పించుకుంటూ నడిచింది. ముళ్ళ వంకాయ తాకకుండా గౌను అంచు పైకి పట్టుకుంది. గంటలా పూలు వేలాడే చెట్టు కింద ఊపిరి బిగబట్టి దాటింది. ఆ పూల వాసనకే మతి పోతుందని ఎవరో చెప్పారు. అలా వచ్చి వచ్చి, కూలిన గోడ పక్కన మట్టిదిబ్బ మీద చూస్తే, కోవి. బట్టీవాళ్ళు వేసుకున్న మడి తాలూకు విత్తనాలు పడి మొలిచినట్టున్నాయి. మోకాలెత్తు మొక్కలు, అరచేతి కంటే వెడల్పు ఆకులు, మైనం పూసినట్టు బూడిద తిరిగిన నీలిపచ్చ. పొద్దుటి మంచు వాటి మీద పూసల్లా దొర్లుతోంది. నొయేమియా మనసు చల్లబడింది. కొన్ని మొక్కలు ముదిరి, కొన్ని లేతగా, ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. లేతవి ఏరి, ఒక పాతిక ఆకులు కోసింది.

ఏ ఆకునైనా పది సార్లు అనుమానించే మనిషి అక్కడ ఒక్క క్షణం కూడా ఆగలేదు. కోవిని ఎవరు అనుమానిస్తారు? తల్లి పాలు అనుమానించినట్టుంటుంది.

ఇంటికి తెచ్చి, కడిగి, ఈనెలు తీసి, ఆకు మీద ఆకు పేర్చి, చుట్టలా బిగించి చుట్టి తరగడం మొదలుపెట్టింది. ఆ ఊళ్ళలో కోడలి పనితనం కోవి తరగడంలో చూస్తారు. ఎంత సన్నగా తరిగితే అంత పేరు. నొయేమియా తరుగు నూలుపోగులా ఉండేది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు ఆ తరుగును వేళ్ళతో ఎత్తి చుట్టాలకు చూపించింది. ఆ రోజూ అంత శ్రద్ధగానే తరిగింది. అలా తరిగిన ఆకుకు ముఖం ఉండదు. అంచు ఎలా ఉందో, తొడిమ ఎలా ఉందో, ఇక ఎవరూ చెప్పలేరు. వేడి నూనెలో వెల్లుల్లి వేగి ఇల్లంతా ఘుమఘుమలాడుతుండగా ఆ పచ్చటి పోగులు వేసి, రెండుసార్లు తిప్పి దించేసింది.

ఉప్పు చూడలేదు. శనివారం ఆమె ఏదీ నోట్లో పెట్టుకోదు. జుసారాకు మూడేళ్ళప్పుడు జ్వరం తలకెక్కితే మరియమాతకు మొక్కుకుంది, బిడ్డను నిలబెట్టు, బతికినన్నాళ్ళూ ప్రతి శనివారం మధ్యాహ్నం మూడు దాకా మంచినీళ్ళు తప్ప ముట్టనని. పదకొండేళ్ళుగా ఒక్క వారం తప్పలేదు. శనివారం వంట చేతి కొలతే. 

పన్నెండున్నరకు వల్దెసి వచ్చాడు. తండ్రీకూతుళ్ళకు వడ్డించింది. జుసారాకు ఆకలి, పొద్దున అలిగి రొట్టె తినలేదు. కోవి రెండు గరిటెలు పెట్టించుకుంది.

“ఈ శనివారం ఉప్పు ఎటు పోయింది నొయేమియా, సముద్రానికా, ఎడారికా?” అన్నాడు వల్దెసి పళ్ళెం ముందుకు లాక్కుంటూ.

“తిని చెప్పు. నాకేం తెలుసు?”

అప్పుడే పైకప్పు రేకు మీద టపటపా చినుకులు. తీగె మీద బట్టలు. నొయేమియా పరుగెత్తింది. దుప్పట్లు తీసి, క్లిప్పులు ఏరి, వానలో బిక్కుబిక్కుమంటున్న కోడిపిల్లల్ని గంప కింద చేర్చి వచ్చేసరికి ఇరవై నిమిషాలైంది. ఇద్దరి పళ్ళేలూ ఖాళీ. జుసారా వాటిని కడుగుతోంది. వల్దెసి బల్ల మీద తలవాల్చాడు. గిన్నె అడుగున ఆమె కోసం ఒక గరిటెడు కోవి మూతపెట్టి ఉంచారు.

“తల తిరుగుతోందే,” అన్నాడు వల్దెసి.

“ఎండలో టోపీ పెట్టుకోమంటే వింటావా?”

“అమ్మా, నా కాళ్ళు నావి కానట్టున్నాయి,” అంది జుసారా. ఆ మాట చాలా నెమ్మదిగా అంది, ఆశ్చర్యపోయినట్టు. చేతిలో పళ్ళెం జారి పగిలింది. నొయేమియా తిరిగి చూసేసరికి పిల్ల తొట్టి అంచు పట్టుకుని, మెల్లగా, బట్ట జారినట్టు నేల మీదికి జారిపోతోంది.

పద్నాలుగేళ్ళుగా నొయేమియా ఈ దృశ్యాన్ని రోజూ మనసులో చూస్తూనే ఉంది. అన్నిసార్లు చూసుకున్నా, నిజంగా వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ఆమెకు ఒక్కటీ తెలియలేదు. అరిచింది. అది ఒక్కటే చేసింది. 

శనివారం కాబట్టి ఊళ్ళో ఆరోగ్యకేంద్రం మూసి ఉంది. అరుపు విని పక్క తోట డ్రైవరు క్లౌదెమిర్ తన బండి తెచ్చాడు. వెనక తొట్టిలో, టార్పాలిన్ కింద ఇద్దర్నీ పడుకోబెట్టారు. వల్దెసి వాంతి చేసుకుంటూనే ఉన్నాడు. జుసారా వాంతి చేసుకోలేదు. కళ్ళు తెరిచే ఉంది, తల్లిని చూస్తూనే ఉంది, పెదవి కదపలేకపోయింది. పట్నం ముప్పావుగంట దారి. నొయేమియా కూతురి తల ఒళ్ళో పెట్టుకుని జపమాల తీసింది. ఎర్రమట్టి రోడ్డు జారుతోంది. నదిమీద వంతెన దాటాక ఆ పిల్ల రొమ్ము పైకి లేవడం ఆగింది. నొయేమియా బుగ్గ తట్టింది, భుజాలు కుదిపింది, పేరు పెట్టి పిలిచింది. నోట్లో నోరుపెట్టి ఊదాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. జపమాల పూసలు తిప్పుతూ, గొంతెత్తి ప్రార్థన చెబుతూ, క్లౌదెమిర్ వీపు వెనక అద్దాన్ని పిడికిలితో బాదుతూ ఆసుపత్రి గేటు దాకా వచ్చింది.

లోపలికి తీసుకుపోయారు. ఇద్దరి గొంతుల్లో గొట్టాలు వేశారు. యంత్రాలు ఊపిరి పోయడం మొదలుపెట్టాయి. కాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది. చిన్న వయసు, కళ్ళ కింద నలుపు.

“ఏం తిన్నారు నొయేమియా గారూ?”

“చిక్కుడుగింజలు, అన్నం, సంకటి, కోవి.”

“ఇంకేం?”

“ఇంకేం లేదమ్మా. రోజూ తినేదే.”

“కోవి ఎక్కడిది?”

చెప్పింది. చెబుతుంటే తన గొంతు తనకే దూరంగా వినిపించింది. పాత ఇటుకబట్టీ పెరట్లోది. తనే కోసింది. తనే తరిగింది. తను తినలేదు.

“కోవి ఇలా చెయ్యదు,” అంది డాక్టరమ్మ. “ఆ మొక్క నాకు కావాలి. ఆకు కాదు, వేరుతో సహా, పువ్వుంటే పువ్వుతో సహా. మీకు తప్ప ఆ చోటు ఎవరికీ తెలియదు. వెళ్ళి తీసుకురండి. అంతకుముందు ఒక్క మాట. అమ్మాయికి ఊపిరి ఎప్పుడు ఆగింది?”

“వంతెన దాటాక.”

“ఎంతసేపటి క్రితం? నిమిషాల్లో చెప్పండి.”

“నా దగ్గర గడియారం లేదమ్మా. అప్పుడు జపమాలలో రెండో పది పూసల మొదట్లో ఉన్నాను, పూసకో ప్రార్థన. గేటు దగ్గరికి వచ్చేసరికి నాలుగో పదీ అయిపోయింది.”

“ఒక్క ప్రార్థన చెప్పండి. బండిలో ఎంత వేగంగా చెప్పారో అంతే వేగంగా.”

నొయేమియా గోడకు ఆనుకుని చెప్పింది. ప్రసాదవతి మరియమ్మా నుంచి ఆమెన్ దాకా. డాక్టరమ్మ చేతిగడియారం చూసింది. పెదవులు కదిపి లెక్క వేసుకుంది. లోపలికి వెళ్ళిపోయింది. 

నొయేమియాకు లెక్కలు రావు. డాక్టరమ్మ ముఖం చదవడం మాత్రం వచ్చు.

క్లౌదెమిర్ మళ్ళీ బండి తిప్పాడు. వాన వెలిసి ఎండ కాసింది. ఇంట్లో గిన్నె అడుగున ఆ గరిటెడు కోవి చల్లబడి ఉంది. వేలితో విడదీసి చూసింది. పచ్చటి పోగులు, అంతే. తన చెయ్యే దానికి ముఖం లేకుండా చేసింది. ఇటుకబట్టీ పెరట్లో మట్టిదిబ్బ దగ్గర కూలబడి మొక్కల్ని చూసింది. పొద్దున అన్నీ కోవిలా కనిపించాయి. ఇప్పుడు చూస్తే ఏదీ కోవిలా కనిపించలేదు. ఏది అది, ఏది ఇది? ఎన్నిసార్లు చూసినా అదే నీలిపచ్చ, అదే మైనం. అన్నీ పీకి, ఒడి నిండా వేసుకుని, జీవితంలో మొదటిసారి తన కాళ్ళతో తనే ఎర్మెలిందా ఇంటికి పరుగెత్తింది.

ఎర్మెలిందా వసారాలో కూచుని వేళ్ళు ఆరబెడుతోంది. మొక్కలు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుంది. ఒక ఆకు మధ్యకు చించి నొయేమియా ముక్కు కింద పెట్టింది.

“వాసన చూడు.”

ఘాటైన క్యాబేజీ వాసన.

“ఇది కోవి. ఈనె చూడు ఎంత బలిసి ఉందో, అంచు ఎలా వంకర్లు తిరిగిందో. తొడిమ మీద చెవి తమ్మెల్లాంటి ముక్కలు, చూశావా?” ఇంకోటి చించింది. “ఇప్పుడిది చూడు.”

ఏ వాసనా లేదు. ఆకు నున్నగా, రబ్బరులా వంగింది. అంచు సాఫీగా ఉంది. తొడిమ సన్నగా, బోసిగా ఉంది. పక్కపక్కన పెడితే గుడ్డివాడు కూడా చెప్పగలడు. పక్కపక్కన పెట్టాలని ఎవరికి తోస్తుంది?

“అడవి పొగాకు,” అంది ఎర్మెలిందా. “పెరిగితే పసుప్పచ్చ గొట్టాల్లాంటి పూలు పూస్తుంది. లేతప్పుడు అచ్చం కోవే. ఎవరు తిన్నారు?”

“జుసారా. మా ఆయన.”

ముసలామె చేతిలో ఆకు ఒళ్ళోకి జారింది.

“విరుగుడు చెప్పు అవ్వా. ఏ ఆకు, ఏ వేరు, ఏదైనా సరే. నిన్ను తిట్టాను, నా పిల్లను పాడుచేస్తున్నావన్నాను. కాళ్ళు పట్టుకుంటా.”

“లెయ్యి. దీనికి విరుగుడు లేదు తల్లీ. ఉంటే ఇస్తానా ఇవ్వనా?” ఎర్మెలిందా కళ్ళు తుడుచుకుంది. “జుసారాకి ఈ మొక్క తెలుసే. కిందటేడు పువ్వుతో తెచ్చింది. పేరు రాసుకుంది కూడాను. ‘నాలిక మీద పెట్టకు, ఇది మంచిది కాదు’ అన్నాను. అప్పటికే పెట్టి చూసి ఉమ్మేసిందట. ‘చేదు అవ్వా, నాలిక కొస మొద్దుబారింది’ అని నవ్వింది.”

నొయేమియా ఆ మాట దగ్గర ఆగిపోయింది. “తెలిసిన పిల్ల ఎలా తింది?”

“తరిగి, వెల్లుల్లిలో వేయించాక ఎవరికి తెలుస్తుంది?”

“దానికి తెలుస్తుంది,” అంది నొయేమియా. “నా పిల్ల నాలిక నాకు తెలుసు. రెండు గరిటెలు తింది. చేదని ఎందుకు అనలేదు?”

ఎర్మెలిందా మొక్కల్ని రెండు కట్టలుగా విడదీసి కట్టి ఆమె చేతిలో పెట్టింది.

మొక్క ఆసుపత్రికి చేరింది. పేరూ చేరింది. డాక్టరమ్మ ఫోనులో ఎవరితోనో మాట్లాడి వచ్చి, ఎర్మెలిందా చెప్పిన మాటే చెప్పింది, విరుగుడు లేదని. విషం దానంతటది దిగేదాకా యంత్రం ఊపిరి పోస్తుంది. దిగాక ఒంటి బలం తిరిగి వస్తుంది. “మీ ఆయన నిలబడతాడు. అమ్మాయి సంగతి వేరు. దారిలో గాలి అందలేదు కదా. చూద్దాం.”

చూద్దాం. ఆ ఒక్క మాట పట్టుకుని నొయేమియా ఐదు రోజులు నడవాలో బెంచీ మీద గడిపింది. ఎవరో ఇచ్చిన కాఫీ తాగింది, ఎవరో పెట్టిన రొట్టె చేతిలో పట్టుకుని మర్చిపోయింది. రోజుకు రెండుసార్లు లోపలికి పంపేవాళ్ళు. జుసారా తెల్లటి దుప్పటి కింద పడుకుని ఉండేది. రొమ్ము లేచేది, పడేది, యంత్రం చెప్పిన లెక్కకే. నొయేమియా ఆ పిల్ల గోళ్ళలో మట్టి తీసేది. ఆ గోళ్ళలో ఎప్పుడూ పచ్చటి మరక ఉండేది, ఎంత కడిగినా పోయేది కాదు. ఒక నర్సు దాన్ని స్పిరిటుతో తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

తను భయపడిన వాటిని ఒక్కొక్కటే తలుచుకునేది. పిడుగు, బస్సు, పాము, కుండీలో మచ్చల ఆకు, గంట పూల చెట్టు. అన్నిటికీ కాపలా కాసింది. తన చేతికి, తన కత్తికి, తన గిన్నెకు కాపలా కాయలేదు. శనివారం మొక్కు లేకపోతే ఉప్పు చూసేది, నాలిక మీద చేదు తగిలేది, గిన్నె పారబోసేది. బిడ్డ కోసం కట్టిన నోరు అది. ఆ మొక్కు విన్న తల్లి పైనుంచి చూస్తూ ఊరుకుంది. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా నొయేమియా భయపడి శిలువ గుర్తు వేసుకునేది. తర్వాత తర్వాత వేసుకోవడం మానేసింది.

అన్నిటి కింద ఆ ఒక్క ప్రశ్న మాత్రం ముల్లులా ఉండిపోయింది. తెలిసిన పిల్ల, కొరికి చూసి రుచి రాసుకునే పిల్ల, నోటికి తగిలింది ఎందుకు చెప్పలేదు?

సోమవారం వల్దెసి గొట్టం తీసేశారు. మంగళవారం కూచున్నాడు. గొంతుకు ఏ లోపం లేదన్నారు డాక్టర్లు. కాని మాట్లాడలేదు. నీళ్ళు కావాలంటే చెయ్యి చూపించేవాడు. నొయేమియా మంచం అంచున కూచుని అడిగింది, “వల్దెసీ, భోజనం దగ్గర పిల్ల ఏమైనా అందా?” అతను గోడవైపు తిరిగాడు. 

“చేదని అందా? బాగాలేదని అందా? నేను బట్టలు తియ్యడానికి వెళ్ళాను కదా, అప్పుడు ఏమన్నా అందా?”

అతను కళ్ళు మూసుకున్నాడు. బుధవారం మళ్ళీ అడిగింది, కోపంగా. మళ్ళీ అడిగింది, బతిమాలుతూ. “కోసింది నేనే, తరిగింది నేనే. నిన్నేం అనను. నాకు తెలియాలి, అంతే. దాని నోట వచ్చిన ఆఖరి మాటలు నువ్వే కదా విన్నావు.” అతను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. నర్సు వచ్చి, ఆయన్ని అలిసిపోనివ్వకండమ్మా అంది.

గురువారం మధ్యాహ్నం డాక్టరమ్మ ఇద్దర్నీ ఒక గదిలోకి పిలిచింది. వల్దెసి నడవలేక చక్రాల కుర్చీలో వచ్చాడు. బల్ల మీద కాగితాలు సర్దింది. తర్వాత చెప్పింది. రెండుసార్లు పరీక్ష చేశామని, మెదడులో ఎక్కడా కదలిక లేదని, విషం ఎప్పుడో దిగిపోయిందని, ఇప్పుడు ఊపిరి తీస్తున్నది జుసారా కాదని. సాయంత్రం యంత్రం ఆపుతామని, ఈలోగా ఎంతసేపు కావాలంటే అంతసేపు పిల్ల దగ్గర ఉండొచ్చని.

“నేను ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే?” అంది నొయేమియా.

డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

నడవాలోకి వచ్చారు. లోపల నర్సులు పిల్లకు తల దువ్వుతున్నారు, ఐదు నిమిషాలాగి పిలుస్తామన్నారు. నొయేమియా బెంచీ మీద కూచుంది. వల్దెసి కుర్చీ ఆమె మోకాళ్ళకు తగులుతూ ఆగింది. కిటికీలోంచి ఎండ నేల మీద పడుతోంది. ఎవరో ఒక ముసలాయన చెప్పులీడుస్తూ అటునుంచి ఇటు పోయాడు. ఆమె ఏడవలేదు. ఏడవడానికి కావలసిన భయం కూడా ఆమెలో మిగల్లేదు. 

“ఇంక దేనికోసమూ అడగడం లేదు,” అంది, అతన్ని చూడకుండా. “లోపలికెళ్ళి దాని చెవిలో ఏదో ఒకటి చెప్పాలి కదా. దానికి తెలియలేదనుకుని చెప్పాలా, తెలిసీ తిన్నదనుకుని చెప్పాలా? ఏదనుకోవాలి వల్దెసీ?”

లోపలినుంచి నర్సు తలుపు తీసి, రండమ్మా అంది. నొయేమియా లేచి నిలబడింది. రెండడుగులు వేసింది. వెనకనుంచి, ఐదు రోజులుగా వాడని గొంతు, తుప్పుపట్టిన మడత బందులా కీచుమంది.

“‘ఇది కోవి కాదు నాన్నా’ అంది. మొదటి ముద్దకే అంది. నీకు చెప్పడానికి లేచింది కూడా. నేనే కూచోబెట్టాను. ‘నోరు మూసుకుని తిను తల్లీ, ఇప్పుడు ఇంకో ఆకు పేరు ఎత్తావంటే మీ అమ్మ పుస్తకం తగలబెడుతుంది’ అన్నాను. తినేసింది.”